కూర్మయ్య హోటల్లో పొగ రాని సోమవారం

నెల్లిమర్ల జూట్ మిల్లు గేటుకి ఎదురుగా, రోడ్డుకి కాస్త దిగువన, ఒక తాటాకుల పాక ఉండేది. దాని నుదుటి మీద ఒక రేకు బోర్డు. ఆ బోర్డు మీద ఏం రాసి ఉందో రాసిన పెయింటరుకీ, రాయించిన కూర్మయ్యకీ తప్ప ఎవరికీ తెలియదు. పెట్టిన ఆరు నెలలకే అది పెనం అడుగులా తయారైంది. జనం ఆ పాకని పొగ హోటలు అనేవారు. ఆ పేరంటే కూర్మయ్యకి కోపం లేదు సరికదా, లోలోపల గర్వం కూడా. విజయనగరానికి కోట ఉంది, నెల్లిమర్లకి మిల్లు గొట్టం ఉంది, ఆ తర్వాత ఈ చుట్టుపక్కల చెప్పుకోదగ్గ ఎత్తు తన పొగదేనని ఆయన నమ్మకం.

నిజానికి అది సామాన్యమైన పొగ కాదు. లోపలికొచ్చినవాళ్లు కళ్లు మూసుకుని, చేత్తో బల్ల తడుముకుంటూ కూర్చునేవారు. ఇడ్లీ ఎక్కడుందో వేళ్లకి తెలియాలి, పచ్చడి ఎక్కడుందో ముక్కుకి తెలియాలి. గోడ మీది పటంలో ఉన్నది శివుడో విష్ణువో తేలక రెండు వైపులవాళ్లూ దణ్ణం పెట్టుకునేవారు. ఒకాయనకి పెదనాన్న పోయాడని కబురొస్తే ఎంత ప్రయత్నించినా కంట తడి రాలేదట. బంధువులు ఏమనుకుంటారోనని ముందు ఇక్కడికొచ్చి ఒక ప్లేటు ఉప్మా తిని, కళ్లు ఎర్రగా చేసుకుని, అప్పుడు వెళ్లాడు. అక్కడ అతన్ని ఓదార్చడం ఎవరి తరమూ కాలేదని చెప్పుకునేవారు.

చంపావతి ఏటికి అవతల ఊళ్లోంచి మిల్లుకి వచ్చే కూలీలకైతే ఆ పొగే గడియారం. పొద్దున్నే గుమ్మంలోంచి చూస్తే, నల్లగా లేస్తే పొయ్యి ఇప్పుడే అంటుకుందని, తెల్లబడితే మొదటి వాయి దిగిందని, పలచబడితే ఇక ఉప్మాయే మిగిలిందని లెక్క. ఏడు గంటల షిఫ్టువాళ్లు దాన్ని బట్టే తువ్వాలు భుజాన వేసుకునేవారు.

ఇంత గొప్ప పొగకి రోజుకి మూడు కావిళ్ల కర్ర కావాలి. కర్ర తెచ్చే జోగయ్య కొండ మీంచి దించుకొచ్చేవాడు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వచ్చేసరికి కొండ పలచబడింది, జోగయ్య నడక రెండింతలైంది, కావిడి ధర కూడా దానితోపాటు నడిచింది. హోటల్లో తిన్నవాళ్లకంటే పొయ్యే ఎక్కువ తింటోందని కూర్మయ్య భార్య తవిటమ్మ కనిపెట్టింది.

ఆమె తమ్ముడు నరసింగరావు పొందూరులో ఆడవాళ్లకి దూది తూచి ఇచ్చి, వడికిన నూలు తీసుకునే పనిలో ఉన్నాడు. కిందటిసారి వచ్చినప్పుడు దగ్గుతూనే ఒక మాట చెప్పి వెళ్లాడు.

"ఆ పొగలో ఎందుకు బావా నీకీ కట్టం. మా అరుగు మీద స్టూలేసుకుని కూకో. దూది తూసి ఇద్దువుగాని. అమ్మ కూడా అదే అంతన్నాది."

నలభై ఎనిమిదేళ్ల కూర్మయ్యకి ఆ స్టూలు కళ్లముందు కదలడం మొదలుపెట్టింది. గుండిగలెత్తిన చేతుల్తో దూది తూచడం ఒక ఎత్తు. అత్తగారు లక్ష్మణమ్మ పెట్టే అన్నం ఇంకొక ఎత్తు. అల్లుడు రెండోసారి చెయ్యి చాస్తే ఆవిడ ముందు అల్లుడి పొట్టకేసి చూసి, తర్వాత గరిటెకేసి చూస్తుంది.

తవిటమ్మ తేల్చి చెప్పింది. "సూడు మావా. వచ్చే సోమవారం పొద్దుటి పాసింజరుకి అమ్మా, తమ్ముడూ వస్తారు. ఆ పాటికి కర్ర తగ్గితే ఇక్కడే ఉందుం. నేకపోతే పొయ్యార్పీసి ఆళ్లతోటి ఎలిపోదుం."

అలాంటి వారంలో వచ్చింది గ్రామసేవిక పద్మకుమారి. పంచాయతీ సమితి ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల. ఒక చేత్తో సైకిలు, రెండో చేత్తో రిజిస్టరు. కాఫీ కోసం లోపలికొచ్చి కూర్చోగానే ఆమె కళ్లవెంట ధారలు కట్టాయి.

"ఎందుకు పాపగోరూ ఏడుస్తన్నారు? మేం నేమా?" అన్నాడు కూర్మయ్య ఆప్యాయంగా.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, తడుముకుంటూ వంటింట్లోకి వెళ్లి, మూడు రాళ్ల మధ్య మండుతున్న దుంగల్ని చూసి వచ్చింది.

"మీరు పచ్చి కర్ర కాలుస్తున్నారు. పొయ్యికి నాలుగు వైపులా నోళ్లే. గిన్నెల మీద మూతల్లేవు. ఆ వేడిలో గిన్నెకి అందేది పదో వంతు కూడా ఉండదండీ. మిగతాదంతా పైకి పోతోంది. మీరు ఆకాశానికి వంట చేస్తున్నారు."

మూల బల్ల దగ్గర కూర్చున్న సూరయ్య కిసుక్కున నవ్వాడు. సూరయ్య ఏటి అవతలివాడు, మిల్లులో పాతకాపు, అతను నవ్వితే షిఫ్టంతా నవ్వినట్టే. కూర్మయ్యకి రోషం వచ్చింది.

"ఆకాశం ఇరవయ్యేళ్ల బట్టి నా కాడ తింతన్నాది పాపగోరూ. ఒక్కనాడు బాగోనేదననేదు. పొగలో ఉన్నాది రుచి. పొగ పోతే రుచి పోతాది. నా పొయ్యి మీద ఎవులైనా సెయ్యేస్తే, నానెళ్లి అందులో కూకుంతాను."

"అదేదో సెప్పి మరీ కూకో, సూడ్డానికొస్తాం," అన్నాడు సూరయ్య.

పద్మకుమారి నవ్వి, సైకిలెక్కి వెళ్లిపోయింది. రైల్వే గేటు దగ్గర ఆగి వెనక్కి చూసేసరికి, పంచె ఎగ్గట్టుకుని కూర్మయ్య పరిగెత్తుకొస్తున్నాడు.

"ఆ పొయ్యి," అన్నాడు రొప్పుతూ, "ఎవులికీ తెలకుండా ఎయ్యగలరా?"

ఇక్కడే కూర్మయ్య తెలివి మరీ ఎక్కువైపోయింది. మట్టి పొయ్యి ఆరడానికి మూడు రోజులు కావాలి. హోటలు ఎందుకు మూశావంటే ఏం చెప్పాలి? గురువారం సాయంత్రం అందరూ చూస్తుండగా తలుపుకి తాళం వేసి, నెత్తిన ట్రంకుపెట్టె పెట్టుకుని, "మా అత్తకి ఒంట్లో బాగోనేదు, సూసొస్తాం," అని పదిమందికీ చెప్పి, భార్యతో స్టేషను వైపు నడిచాడు. స్టేషను దాటి, జొన్నచేల గట్టు మీంచి చుట్టు తిరిగి, పెరటి దడిలోంచి తన ఇంట్లో తనే దూరాడు.

మూడు రోజులూ భార్యాభర్తలు సొంత ఇంట్లో దొంగల్లా బతికారు. తుమ్మొస్తే గోనెసంచిలో ముఖం పెట్టి తుమ్మేవారు. పొయ్యి లేదు కాబట్టి మరమరాలే తిండి. అవి నమిలితే పళ్ల చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుందని కూర్మయ్య వాటిని నీళ్లలో నానబెట్టించాడు.

"ఎలగున్నాయి?" అంది తవిటమ్మ గుసగుసగా.

"మీ అమ్మ ఇంటి కాడ తిన్నట్టే ఉన్నాది," అన్నాడాయన.

పద్మకుమారి పెరటి దారినే వచ్చి పని చేయించింది. పుట్టమన్ను, ఊక, పేడ, వాటిలో మిల్లు గేటు దగ్గర ఊడ్చి పోసిన జనపనార పీచు కలిపి తొక్కారు. పొయ్యికి ఒక్కటే నోరు, అదీ ఇరుకు. పైన గిన్నెలు పెట్టడానికి రెండు కన్నులు. అడుగున గాలి ఆడటానికి ఇనుప ఊచలు. మొదటి కన్ను కింద మండిన మంట ఊరికే పైకి పోకుండా, పక్కనున్న రెండో కన్ను కింద నుంచి పాకి, అక్కడి నుంచి కుమ్మరి చేసిన మట్టి గొట్టాల్లోకి వెళ్లి కప్పు దాటాలి. కర్ర ఎండబెట్టి, బొటనవేలంత సన్నగా చీల్చి పెట్టాలి. గిన్నెకి మూత ఉండాలి. పప్పు ముందురోజే నానాలి.

"ఈ రెండో కన్ను మీద ఏటి పెట్టమంతారు?" అని అడిగాడు కూర్మయ్య. ఆయన హోటల్లో ఇడ్లీ పాత్ర ఒకటే పెద్దది.

"ఏదో ఒకటి పెట్టండి. ఆ వేడి ఎలాగూ పోయేదే కదా."

కూర్మయ్యకి ఏమీ తోచక ఒక పెద్ద గుండిగ నిండా నీళ్లు పోసి పెట్టాడు.

ఆదివారం చీకటి పడే వేళ మళ్లీ ట్రంకుపెట్టెతో పెరట్లోంచి పోయి, స్టేషను వైపు నుంచి రోడ్డు మీదికి వచ్చి, అలసిపోయినట్టు నడిచాడు. ఎదురైనవాళ్లు "అత్తకెలగున్నాది?" అంటే తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. మూడు రోజుల నానిన మరమరాల తర్వాత ఆయన ముఖం కూడా అందుకు తగ్గట్టే ఉంది.

సోమవారం తెల్లవారకుండానే పొయ్యి అంటించాడు. నాలుగు పుల్లలకే మంట బుసకొడుతూ లోపలికి పాకింది. మొదటి వాయి ఇడ్లీ తెల్లగా పొంగి దిగింది. తవిటమ్మ ఇరవయ్యేళ్లలో మొదటిసారి తన వంటింటి అవతలి గోడ చూసింది. అక్కడ తన పెళ్లినాటి ఇత్తడి చెంబు వేలాడుతోంది. అది పోయిందని పదేళ్ల కిందట ఒక పనిమనిషిని మానిపించారు. కూర్మయ్య బయటికెళ్లి కప్పు మీది గొట్టంకేసి చూశాడు. మనిషి ఊపిరిలాంటి వెచ్చని గాలి తప్ప ఏమీ లేదు. మురిసిపోయి, తలుపులు బార్లా తీసి, బల్లలు తుడిచి కూర్చున్నాడు.

ఎవరూ రాలేదు.

ఏటి అవతల సూరయ్య గుమ్మంలో నిలబడి ఆకాశం చూశాడు. నల్లగా లేదు, తెల్లగా లేదు, పలచగా కూడా లేదు. మనుషులు నిన్ననే ఊరినుంచి దిగారు. అత్తకి జబ్బని వెళ్లినవాళ్లు, అడిగితే తల అడ్డంగా ఊపినవాళ్లు, తెల్లారినా పొయ్యి వెలిగించలేదు. మా వైపు పొయ్యి వెలగని ఇల్లంటే ఒకటే అర్థం. చావింట్లో నిప్పు చెయ్యరు. ఇరుగుపొరుగువాళ్లే వండి పట్టుకెళ్లాలి. సూరయ్య తువ్వాలు భుజాన వేసుకోవడం మాని తలకి చుట్టుకున్నాడు. పక్కింటి నారాయణమ్మని కేకేశాడు. వీధి కదిలింది.

ఆరు గంటలకి కూర్మయ్య చూసేసరికి ఏటి దారిన నలభైమంది వస్తున్నారు. బేరం ఇంత బాగా వస్తుందని ఆయన కూడా అనుకోలేదు. లేచి, చిరునవ్వుతో ఎదురెళ్లాడు. సూరయ్య వచ్చి ఆయన్ని గట్టిగా కావిలించుకుని భోరుమన్నాడు.

"మనసు గట్టి సేసుకో కూర్మయ్యా. పెద్దమనిషి, పుణ్యం సేసుకున్నాది. ఎలిపోనాది."

"ఎవులెలిపోనారు?"

"ఇంక పేరెందుకులే. ఎన్నిసార్లంటే అన్నిసార్లు బాద."

"ఎవులూ పోనేదు సూరయ్యా. మా అత్త బాగున్నాది."

సూరయ్య వెనక్కి తిరిగి జనంతో మెల్లగా అన్నాడు. "మొదటి రోజు ఇలగే అంతారు. మా అన్న పోయినపుడు నానూ ఇలగే అన్నాను."

నారాయణమ్మ అన్నం కుండ, పులుసు గిన్నె బల్ల మీద పెట్టింది. ఇంకో నలుగురు అంబలి తెచ్చారు. ఇరవయ్యేళ్ల నుంచి ఊరికి తిండి పెట్టిన హోటల్లో ఊరు తిండి తెచ్చి వరసగా పేర్చింది. ఈ గొడవ విని, చెంబు దొరికిన సంతోషంలో ఉన్న తవిటమ్మ వంటింట్లోంచి పకపకా నవ్వుతూ బయటికొచ్చింది. ఆడవాళ్లందరూ ఒక్కసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఓలమ్మ, దీనికి మతి పోనాది. పట్టుకోండే," అంది నారాయణమ్మ. ఇద్దరు పట్టుకున్నారు.

"ఒగ్గండి. నాకేటవనేదు. ఇడ్డెన్లు సల్లారిపోతన్నాయి," అని తవిటమ్మ గింజుకుంది.

"సూడు, ఇడ్డెన్లంతన్నాది. తల్లి పోయిన దినాన," అని ఒకావిడ కళ్లొత్తుకుంది.

కూర్మయ్య పరిస్థితి మరీ అన్యాయం. లోపల నూట ఇరవై ఇడ్లీలు తయారుగా ఉన్నాయి. ఎదురుగా నలభైమంది ఆకలిగా ఉన్నారు. కానీ చావింట్లో ఎవరూ ఏదీ ముట్టరు. లోపలికి రండి, పొయ్యి చూడండి అంటే మైలని ఎవరూ వంటింటి గడప దాటరు. కొత్త పొయ్యి వేయించానని అరిచి చెబుదామంటే, అందులో కూర్చుంటానన్న మాట సూరయ్య మరచిపోయే రకం కాదు. ఏడు గంటల కూత కొడితే వీళ్లందరూ మిల్లులోకి పోతారు. పాసింజరు ఈపాటికి వచ్చేసే ఉంటుంది. కూర్మయ్యకి స్టూలు కనిపించింది. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

"అదీ. ఏడు. ఏడిస్తే తేలికవుతాది," అన్నాడు సూరయ్య వీపు నిమురుతూ.

సరిగ్గా అప్పుడు స్టేషను వైపు నుంచి నరసింగరావు, చేతిసంచితో లక్ష్మణమ్మ వచ్చారు. హోటలు ముందు జనం, ఏడుపులు, తవిటమ్మని ఇద్దరు పట్టుకుని ఉండటం చూసి లక్ష్మణమ్మ సంచి రోడ్డు మీద పడేసింది. అల్లుడే పోయాడనుకుంది. "ఓరి నా బాబో" అంటూ వచ్చి నారాయణమ్మ మీద పడింది. ఆవిణ్ణి ఇక్కడ ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఎవరో దూరపు చుట్టం అనుకుని నారాయణమ్మ ఆవిణ్ణి పట్టుకుని ఓదార్చింది.

"ఎలగ పోనాడమ్మా?" అంది లక్ష్మణమ్మ ఏడుస్తూనే.

"పోనాడు కాదు, పోనాది. కూర్మయ్య అత్త. పొందూర్ల."

లక్ష్మణమ్మ ఇంకో రెండు ఏడుపులు ఏడ్చి, ఆగింది.

"కూర్మయ్యకి పొందూర్ల ఎందరత్తలే?"

"ఒక్కతే అంట పాపం. మంచిదంట."

"మంచిదని ఎవులన్నారు?" అంది లక్ష్మణమ్మ, కళ్లు తుడుచుకుని. జనం మధ్యలో నిలబడిన అల్లుణ్ణి అప్పుడు చూసింది. "ఒరే కూర్మిగా, నన్నెప్పుడు సంపినావురా?"

కూర్మయ్య రోడ్డు మీద నిలబడి, తాళం వేసిన దగ్గర నుంచి నానబెట్టిన మరమరాల దాకా అన్నీ చెప్పుకున్నాడు. మరమరాల దగ్గర నరసింగరావు అటు తిరిగి నవ్వుకున్నాడు.

"అయితే పొయ్యి ఎలుగుతన్నాదా?" అన్నాడు సూరయ్య.

"ఎలుగుతన్నాది."

"పొగేదీ?"

"రాదు. అదే దాని గొప్ప."

సూరయ్య ఆలోచించాడు. కోపగించుకోవాలా, నవ్వాలా అన్నది కాదు అతని చిక్కు. "సావు కేకలు ఏసీసినాం. ఇప్పుడు తానం సెయ్యకుండా మిల్లులోకి ఎలగెళ్తాం? ఏటికెళ్లొచ్చే టైము నేదు."

"సావే నేదు కదా, తానమెందుకు?" అంది తవిటమ్మ.

"సచ్చినోళ్లు బతికున్నారా నేదా అన్నది ఆళ్ల సంగతి. మనం ఏడిసినాం. ఏడిస్తే తానం సెయ్యాలి." ఈ తీర్పు అందరికీ సబబుగానే కనిపించింది. లక్ష్మణమ్మ కూడా ఒప్పుకుంది. తన చావుకి తనే ఏడ్చింది కాబట్టి తనకి మరీ ముందు చెయ్యాలంది.

అప్పుడు కూర్మయ్యకి రెండో కన్ను మీది గుండిగ గుర్తొచ్చింది. తెల్లవారినప్పటి నుంచి ఒక్క పుల్ల కూడా అదనంగా అడగకుండా అది కాగుతూనే ఉంది. పెరట్లో గోనెపట్టాలు రెండు అడ్డం కట్టారు. చెంబుకి చన్నీళ్లు, చెంబుకి వేణ్ణీళ్లు కలిపి పోశారు. నీళ్లు అయిపోతుంటే తవిటమ్మ మళ్లీ పోసింది, అవి మళ్లీ కాగాయి. ఒళ్లు వెచ్చబడేసరికి అందరికీ ఆకలి నిద్రలేచింది. ఏడు గంటల కూత కొట్టేలోపే నూట ఇరవై ఇడ్లీలూ అయిపోయాయి. కళ్లు తెరిచి తిన్న మొదటి రోజు కావడంతో పచ్చడి ఆకుపచ్చగా ఉంటుందని కొందరికి అప్పుడే తెలిసింది.

"రుచి పోనాదా?" అని బెదురుతూ అడిగాడు కూర్మయ్య.

సూరయ్య ఏడో ఇడ్లీ నములుతూ, "ఏమో. ఇన్నాళ్లూ ఏటి తిన్నామో తెలిస్తే కదా సెప్పడానికి," అన్నాడు. "పొయ్యిలో ఎప్పుడు కూకుంతావు?"

"నోరు ఇరుకు. పట్టను."

నరసింగరావు మాత్రం తినడం మానేసి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. "బావా, కర్రేదీ?"

"అదే."

"అది పిట్టగూటికి సాలదు."

"సాలింది కదా."

సాయంత్రానికి జోగయ్య తెచ్చిన మూడు కావిళ్లలో సగానికి సగం మిగిలింది. తవిటమ్మ ఆ మిగిలిన కర్రని గుమ్మం ముందే పేర్పించి, తల్లికి కుర్చీ వేసి అక్కడే కూర్చోబెట్టింది. పొందూరు ప్రయాణం మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. రాత్రి పాసింజరుకి తల్లీకొడుకులిద్దరే వెళ్లారు.

సాయంత్రం షిఫ్టు దిగినవాళ్లు కొందరు మళ్లీ వచ్చారు. ఒంటి నిండా జనపనార నూగు, కనుబొమ్మల దాకా తెల్లగా ఉన్నారు. "పొద్దుటి ఆ వేణ్ణీళ్లు ఉన్నాయేటి?" అన్నారు. ఉన్నాయి. అలా మొదలైంది. ఒళ్లు కడుక్కున్నవాళ్లు ఊరికే పోలేరు, ఉప్మా తినాలి. ఆకాశానికి పోయే వేడి నెల తిరిగేసరికి హోటల్లో సగం బేరమైంది. కర్ర తగ్గి తన పని పోయిందని బెంగపడ్డ జోగయ్య అదే కావిడికి డబ్బాలు కట్టుకుని ఏటి నీళ్లు మోయడం మొదలుపెట్టాడు. కొండకంటే ఏరు దగ్గరని, ముందే ఎవరూ చెప్పలేదేమని అతను కొన్నాళ్లు అలిగాడు.

ఒక్క చిక్కు మిగిలింది. ఏటి అవతలివాళ్లకి గడియారం పోయింది. అందుకని రోజూ పొద్దున్నే కూర్మయ్య పెరట్లో తడి కొబ్బరిపీచు పోగేసి, అచ్చంగా పొగ కోసమే మంట పెట్టేవాడు. పొగలేని పొయ్యి చూడ్డానికి సమితి పెద్దలు జీపులో వచ్చిన రోజున కూడా పెట్టాడు. అరమైలు దూరం నుంచే వాళ్లు జీపు ఆపి, పద్మకుమారికేసి చూశారు. కూర్మయ్య పరిగెత్తుకెళ్లి, "ఆ పొగ పొయ్యిది కాదు బాబూ, పిలుపుది," అని చెప్పుకోవలసి వచ్చింది.

రెండు నెలలకి నరసింగరావు మళ్లీ వచ్చాడు. ఈసారి స్టూలు మాట తేలేదు. నూలుకి పెట్టే గంజి కాచడానికి తనకీ బోలెడు కర్ర పోతోందని, బావ వచ్చి దగ్గరుండి ఒక పొయ్యి వేయించాలని అడిగాడు. కూర్మయ్య రెండుసార్లు అడిగించుకుని వెళ్లాడు. పొందూరులో అరుగు మీద అదే స్టూలు వేసుకుని, కాలు మీద కాలేసుకుని, మట్టి తొక్కేవాళ్లకి పనులు చెప్పాడు. అన్నం దగ్గర లక్ష్మణమ్మ ముందు గరిటెకేసే చూసింది.

ఇక్కడ తవిటమ్మ పొయ్యి వెలిగించింది, ఇడ్లీ దించింది, కొబ్బరిపీచు సంగతి మాత్రం మరిచిపోయింది. ఆరున్నరకి ఏటి దారిన మళ్లీ నలభైమంది వచ్చారు. నారాయణమ్మ నెత్తిన అన్నం కుండ ఉంది. కానీ ఈసారి మగవాళ్ల చేతుల్లో సబ్బుముక్కలు, భుజాన పొడి తువ్వాళ్లు కూడా ఉన్నాయి.

సూరయ్య గుమ్మానికి పది గజాల దూరంలోనే ఆగాడు.

"తవిటీ, ముందు ఈ మాట సెప్పు. ఎవులైనా పోనారా, నేదా?"

"ఎవులూ పోనేదు. రండి."

సూరయ్య వెనక్కి తిరిగి చూశాడు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పోనీలే, ఇంత దూరం వచ్చినాం," అన్నాడతను. "నీళ్లు కాగినాయా?"